ఊరి బీడు, ఊరి అడవి, ఊరి చెరువు: ఋణపత్రంలో కనిపించని ఆస్తి



గొర్రెల పెంపకానికో, పాడి గేదెలకో ఋణం కోరుతూ బ్యాంకు శాఖకు వచ్చే దరఖాస్తులలో జీవాల సంఖ్య, కొట్టం కొలతలు, బీమా వివరాలు శ్రద్ధగా నింపి ఉంటాయి. మేత సంగతి వచ్చేసరికి మాత్రం "ఊరి బీడు కలదు" అన్న మూడు మాటలతో సరిపెడతారు. ఆ బీడు ఎన్ని ఎకరాలు, రికార్డులో ఏమని నమోదై ఉన్నది, ఇంకెందరి జీవాలు దానినే నమ్ముకుని ఉన్నవి, వచ్చే ఏటికి అది బీడుగానే మిగులుతుందా అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు ఉండదు. వలలకు, నాటు పడవకు ఋణం తీసుకునే వారికి చెరువు ఎటువంటిదో, అడవి ఫలసాయం కొని అమ్మే వర్తకులకు అడవి ఎటువంటిదో, గొర్రెల కాపరికి బీడు అటువంటిది. మీ పేరిట లేని ఆస్తి మీద మీ వాయిదా ఆధారపడి ఉన్నది. అట్టి ఆస్తిని పది మందీ కలసి కాపాడుకున్న చోట ఏమి జరిగినదో, కాపాడే పద్ధతి తప్పిన చోట ఏమి జరిగినదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ విషయానికి ఇప్పుడు ప్రాముఖ్యం పెరిగింది. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2019 నుండి పశుపోషకులకు, మత్స్యకారులకు కూడా వర్తిస్తున్నది. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ, అనుబంధ రంగాల ఋణాలకు ఆస్తి హామీ అడగరాదని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. తాకట్టు లేని ఋణానికి ఆ వృత్తి మీద వచ్చే రాబడి తప్ప వేరు ఆధారం లేదు. ఆ రాబడికి మూలం ఉమ్మడి భూమి, ఉమ్మడి నీరు.

గొర్రెకు కిలో గడ్డి

ముందుగా ఒక లెక్క చూడండి. ముప్పై కిలోల బరువున్న గొర్రె రోజుకు సుమారు ఒక కిలో ఎండు మేతకు సమానమైన ఆహారం తీసుకుంటుంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిగిన యూనిట్‌కు రోజుకు 21 కిలోలు, ఏడాదికి 7,665 కిలోలు అవసరం. నిరంతరం మేపుతూ నేల బయటపడిన బీడులో హెక్టారుకు ఒక టన్ను ఎండు గడ్డి వస్తుందని అనుకుందాం. అందులో సగం నేల మీద మిగలాలి. వేరు బ్రతకడానికి, విత్తనం రాలడానికి, వానకు మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికి అది కావాలి. కావున మేపదగినది 500 కిలోలు. అంటే ఒక్క యూనిట్‌కు పదిహేను హెక్టార్ల పైన, దాదాపు ముప్పై ఎనిమిది ఎకరాల బీడు కావాలి. కోత అయిన పొలాలలో మోళ్లు, చెట్ల రొట్ట, జొన్న చొప్ప కొంత లోటు తీరుస్తాయి. ఎంత తీర్చినా, ఒకే ఊరిలో వంద యూనిట్లు మంజూరైనప్పుడు కావలసిన 766 టన్నుల మేత ఎక్కడి నుండి వస్తుందో ముందే అడగవలసియున్నది. తెలంగాణలో 2017లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్ ఇదే లెక్కన, ఇరవై ఒకటిగా నిర్ణయించారు. డెబ్బై ఐదు శాతం రాయితీ వచ్చినది జీవాలకు. గడ్డికి రాయితీ లేదు.

అదే బీడుకు తొలకరి తరువాత కొన్ని వారాలు విశ్రాంతినిస్తే దిగుబడి రెట్టింపు కావడం అరుదు కాదు. దీనికి కారణం మొక్క నిర్మాణంలోనే ఉన్నది. ఏళ్ల తరబడి బ్రతికే గడ్డి తొలి చినుకులకు వేరులో దాచుకున్న ఆహారంతో చిగురిస్తుంది. ఆకు కాస్త విస్తరించి వేరుకు అప్పు తీర్చక ముందే జీవం దానిని కొరికితే, మళ్లీ వేరు నుండే తీసుకోవాలి. రెండు మూడేళ్లు ఇట్లా జరిగితే వేరు చచ్చి, ఆ స్థానంలో ఒక్క సీజనులో ముగిసిపోయే చిన్న గడ్డి, ఆ తరువాత జీవాలు ముట్టని తంగేడు, చివరకు సర్కారు తుమ్మ చేరుతాయి. మీ ఊరి బీడు ఏ దశలో ఉన్నదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్త అవసరం లేదు. తంగేడు మాత్రమే పచ్చగా కనిపిస్తున్నదంటే గడ్డి వేరు అప్పుల పాలైనదని గ్రహించండి.

సమస్య ఏమిటంటే, విశ్రాంతి ఒక్కరు ఇస్తే చాలదు. నేను నా మందను ఆపితే పొరుగువాని మంద మేస్తుంది. అందుచేత ఎవరూ ఆపరు. ఇది అత్యాశ అని నిందించడం తేలిక. మాట నిలుస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఎంత వివేకవంతుడైనా చేసే పని అదే. ఈ నమ్మకాన్ని ఊళ్లు ఎట్లా నిర్మించుకుంటాయో దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన ఎలినోర్ ఆస్ట్రామ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. మన దేశంలో ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాలలోని 80కి పైగా గ్రామాలను పరిశీలించి 1986లో ప్రకటించిన వ్యాసం కూడా ప్రసిద్ధమైనదే. పేద కుటుంబాల రాబడిలో 14 నుండి 23 శాతం వరకు ఉమ్మడి వనరుల నుండి వస్తున్నదనీ, 1950 దశకం ఆరంభం నుండి మూడు దశాబ్దాలలో అట్టి భూములు మూడో వంతు నుండి సగం వరకు తరిగిపోయినవనీ ఆయన తేల్చారు.

సుఖోమాజ్రీ కథ

హర్యానాలో శివాలిక్ కొండల పాదాన, చండీగఢ్‌కు ఈశాన్యంగా సుఖోమాజ్రీ అనే చిన్న గ్రామం ఉన్నది. ఎక్కువ మంది పశువులను నమ్ముకున్న గుజ్జర్లు. 1970 దశకంలో ఈ ఊరి పేరు ఊరి వారి వల్ల కాదు, చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు వల్ల అధికారుల నోట పడింది. 1958లో నిర్మించిన ఆ సరస్సు పదిహేనేళ్లు తిరిగేసరికి సగానికి పైగా పూడిపోయింది. ఇంత మట్టి ఎక్కడిదని వెతుక్కుంటూ వాగు వెంట పైకి పోయిన నిపుణులకు సుఖోమాజ్రీ చుట్టూ ఉన్న బోడి కొండలు కనిపించాయి. మేకలు, పశువులు ఎడతెగక మేసి, వంట చెరకు నరికి, కొండ చర్మం ఒలిచినట్లు ఉన్నది.

కేంద్ర భూసార, జల సంరక్షణ పరిశోధన శిక్షణ సంస్థ చండీగఢ్ కేంద్రానికి చెందిన పి.ఆర్. మిశ్రా బృందం మొదట మొక్కలు నాటింది, కట్టలు పోసింది. మేకలు రాకుండా కాపలా పెట్టడం ఎవరి తరమూ కాలేదు. ఊరి వారిని ఆలోచించండి: కొండ మీద మేపవద్దంటే వారు మేకలను ఏమి చేయాలి? చేను వానాధారం, నీరు లేదు, మేత లేదు. సరస్సు నగర వాసులది, ఆకలి మాత్రం తమది.

మలుపు 1976 తరువాత వచ్చింది. గండి కోతను ఆపడానికి కట్టిన చిన్న మట్టి ఆనకట్ట వెనుక వాన నీరు నిలిచింది. ఆ నీటిని వాడిపోతున్న గోధుమకు పెట్టి చూడగా పంట నిలబడింది. నీరు ఎంత విలువైనదో, ఆ నీరు నిలవాలంటే కొండ మీద గడ్డి ఉండాలన్న సంగతి ఎంత ముఖ్యమో ఒక్కసారే అర్థమైనవి. కొండ నుండి మట్టి దిగితే తమ కట్ట తామే పూడ్చుకున్నట్లు అవుతుంది. నగర సరస్సు కోసం ఆపని మేకలను తమ కట్ట కోసం ఆపవలసి వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు ఎదురైంది. నేను ఈ కథలో అన్నిటి కంటే విలువైనదిగా భావించేది దీని పరిష్కారమే. కట్ట దిగువన భూమి ఉన్న వారికే నీరు అందుతుంది. భూమి లేని వారికి, ఎగువన ఉన్న వారికి ఏమీ లేదు. కాని కొండ మీద మేకలు మేపేది ఎక్కువగా వారే. లాభం ఒకరికి, త్యాగం మరొకరికి అయితే ఒప్పందం ఎన్నాళ్లు నిలుస్తుంది? దీర్ఘ చర్చల మీదట ఊరు ఒక నిర్ణయానికి వచ్చింది: భూమి ఎంత ఉన్నా, అసలు లేకపోయినా, ప్రతి కుటుంబానికి నీటిలో సమాన వాటా. భూమి లేని వాడు తన వాటాను అమ్ముకోవచ్చు, లేదా నీరు తనది, చేను మరొకరిది అన్న షరతుతో పంచి పండించుకోవచ్చు. దీనితో కొండను కాపాడడం భూమి లేని కుటుంబానికి కూడా రాబడి అయింది. ముళ్ల కంచె గాని, అటవీ గార్డు గాని చేయలేని పనిని ఈ వాటా చేసింది. నిపుణులు దీనినే సాంఘిక కంచె అన్నారు.

తరువాతి మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. మేకలు తగ్గి, కొట్టంలో కట్టి మేపే గేదెలు పెరిగినవి. కొండల మీద చండ్ర చెట్లు, భాబర్ గడ్డి తిరిగి లేచినవి. తాళ్లకు, కాగితపు గుజ్జుకు పనికి వచ్చే ఈ భాబర్ గడ్డిని పూర్వం అటవీ శాఖ గుత్తేదారులకు వేలం వేసేది. ఆ గుత్తను గ్రామ సంఘానికే ఇచ్చారు. సంఘం ఇంటింటికీ కొద్ది రుసుముతో మేత కోసుకునే హక్కు ఇచ్చి, మిగులు గడ్డి అమ్మింది. వర్తక సోదరులు ఒక సంగతి గమనించాలి: గుత్తేదారు మారినాడే గాని వ్యాపారం ఆగలేదు, సరుకు పెరిగింది. సుఖ్నాకు చేరే మట్టి గణనీయంగా తగ్గింది.

ఇంతటితో ఆపితే కథ తీయగా ఉంటుంది. కాని ఋణం తీసుకునే వారు తరువాతి భాగం కూడా వినాలి. కాలక్రమంలో సమాన వాటా పద్ధతి పోయి, వాడుకున్న గంటలను బట్టి రుసుము కట్టే పద్ధతి వచ్చింది. లెక్క సులభమైంది గాని భూమి లేని వారి పట్టు సడలింది. మట్టి కట్టలకు ఆయుర్దాయం ఉన్నది. కొన్ని పూడిపోయినవి. గడ్డి, కలప రాబడిలో సంఘానికి, అటవీ శాఖకు మధ్య వాటాల వివాదం నడిచింది. సరస్సు బాగుపడినందుకు దిగువ నగరం ఆ ఊరికి ఏటేటా ఇంత అని చెల్లించే ఏర్పాటు ఎన్నడూ జరగలేదు. నా దృష్టిలో ఇదే పెద్ద లోపం. మరమ్మతు నిధి లేని ఆనకట్ట, కంతు లెక్క లేని ఋణం ఒకటే.

అడవి విషయంలో దీనికి సాటి వచ్చే ప్రయత్నం పశ్చిమ బెంగాల్‌లోని మిడ్నపూర్ జిల్లా అరాబరీలో 1972లో మొదలైంది. మోళ్లుగా మిగిలిన సాల అడవిని చుట్టుపక్కల పదకొండు గ్రామాల వారు కాపాడితే, కలప రాబడిలో 25 శాతం వారిదని అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఒప్పందం చేశారు. మోళ్లు మళ్లీ అడవి అయినవి. 1988 జాతీయ అటవీ విధానం, 1990 జూన్ 1 నాటి కేంద్ర ఉత్తర్వు ఈ మార్గాన్ని దేశమంతటికీ చూపినవి. మన వద్ద 1992లో ఏర్పడిన వన సంరక్షణ సమితులు ఆ కోవలోనివే.

పక్షి వల్ల పంట

చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ చెరువు సంగతి చాలా మందికి తెలిసినదే. పంట చెరువులోని చెట్ల మీద వేల పక్షులు గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పొలానికి ఎరువు. ఈ లెక్క ఊరి వారికి ఏ వ్యవసాయ కళాశాల చెప్పలేదు. సిపాయిలు పక్షులను కాల్చుతున్నారని వారు ఫిర్యాదు చేయగా 1798లో కలెక్టరు వారికి రక్షణ పత్రం ఇచ్చినాడు. రెండు వందల ఏళ్లకు పైగా నిలిచిన ఒప్పందం ఇది. 2022లో ఈ చెరువు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. మన నెల్లూరు దిక్కున నేలపట్టు చెరువు పక్షులతో రైతులకు ఉన్న సంబంధం కూడా ఇటువంటిదే.

లాభం కనిపించని చోట సంగతి వేరు. మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లా కరేరాలో బట్టమేక పక్షి కోసం 1981లో సుమారు 200 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ప్రకటించారు. అందులో అధిక భాగం రైతుల పట్టా భూమి. క్రయవిక్రయాలకు ఆంక్షలు వచ్చినవి. అమ్మడానికి వీలు లేని భూమిని ఏ బ్యాంకూ తాకట్టుకు స్వీకరించదు. బిడ్డ పెండ్లికో, బావికో డబ్బు పుట్టని రైతు దృష్టిలో ఆ పక్షి శత్రువైంది. 1990 దశకంలో బట్టమేక అక్కడ కనుమరుగైంది. ఎన్నో ఏళ్ల తరువాత అభయారణ్యాన్ని కూడా రద్దు చేశారు. ఉద్దేశం మంచిదే, కాని ఎవరి గడ్డి మీద ఆ పక్షి బ్రతుకుతున్నదో వారిని అడగలేదు.

కొల్లేరులో ఏమి జరిగినది

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు మన పాఠకులలో ఎందరికో జీవనాధారం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరద నీటిని నింపుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి వదలడం ఈ సరస్సు చేసే పని. అటు వరదకు అడ్డుకట్ట, ఇటు చేపకు పుట్టిల్లు. వడ్డి కులస్థులు మావులతో, వలలతో తరతరాలుగా ఇక్కడ వేట సాగించారు. నీరు తగ్గిన నెలలలో వరి పండించేవారు.

1980, 1990 దశకాలలో గట్లు పోసిన చేపల చెరువులు సరస్సును ఆక్రమించినవి. పెట్టుబడి పెట్టిన వారిలో బయటి వారు ఎక్కువ, పేరు మాత్రం స్థానిక సంఘాలది. 1999 అక్టోబరులో ఐదవ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లను తెగగొట్టారు. చెరువుతో పాటు చేప, చేపతో పాటు పెట్టుబడి పోయినవి. వడ్డీ వ్యాపారి బాకీ, మేత కొట్టు అరువు మాత్రం పోలేదు. అదే సరస్సులో సొంత జిరాయితీ భూమి ఉన్న రైతు, చట్టం అనుమతించిన సంప్రదాయ వేట సాగించే మత్స్యకారుడు, గట్టు పోసిన పెట్టుబడిదారు, ముగ్గురూ ఒకే గాటన కట్టబడినట్లు బాధపడ్డారు. పరిధిని మూడవ కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఆ తగవు ఏళ్ల తరబడి నడిచింది.

ఈ విషయంలో నా అభిప్రాయం ఇది. పక్షి ముఖ్యమా, మనిషి ముఖ్యమా అని అడగడం కొల్లేరుకు సరిపడదు. గట్లు పెరిగిన కొద్దీ వరద నీరు ఉప్పుటేరుకు చేరే దారి ఇరుకై, ముంపు ఎగువ వరి చేలకు ఎగదన్నుతుంది. చేపల చెరువు వల్ల నష్టపోయేది పెలికాన్ ఒక్కటే కాదు, వరి రైతు కూడా. సంప్రదాయ వేటగాండ్ర వాటా ఏమిటో, జిరాయితీ రైతుకు పరిహారం ఏమిటో మొదటే తేల్చి, వారినే కాపలాదారులను చేసి ఉంటే పొక్లెయినర్ల అవసరం ఇంతగా వచ్చేది కాదు.

కొల్లేరు పరిధిలో గాని, మరే చిత్తడి నేల పరిధిలో గాని చెరువు త్రవ్వకానికి అప్పు చేయదలచిన వారు, మేత, పిల్ల చేపలు అరువుపై ఇచ్చే వ్యాపారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సర్వే నంబరు కాంటూరు లోపలిదో, వెలుపలిదో రెవెన్యూ, అటవీ శాఖల వద్ద వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. లోపలిదైతే ఎంత లాభం చూపినా వదలివేయండి. అట్టి చెరువుకు బీమా వర్తించదు, బ్యాంకు ఋణం దొరకదు.

దరఖాస్తుకు ముందు

మీ ఊరి మేత పోరంబోకు, బంచరాయి, కంచ రికార్డులలో ఏ పేరున, ఎంత విస్తీర్ణంలో ఉన్నవో పంచాయతీ కార్యదర్శి వద్ద, తహసీల్దారు కార్యాలయంలో పరిశీలించండి. ఆక్రమణ ఉన్నట్లయితే, గ్రామ ఉమ్మడి భూముల నుండి ఆక్రమణలు తొలగించడానికి పథకాలు తయారు చేయవలసిందిగా 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించిన సంగతి గ్రామసభలో ప్రస్తావించవచ్చు. అటవీ భూమి మీద ఆధారపడిన గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, చేపల హక్కును, అడవిని కాపాడే హక్కును సామూహికంగా ఇచ్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మేంఢా-లేఖా గ్రామం 2009లో ఈ హక్కు పత్రం పొంది, తన అడవిలోని వెదురును తానే అమ్ముకునే స్థితికి వచ్చింది. వ్యక్తిగత పట్టాకు మాత్రమే దరఖాస్తు చేసి సామూహిక హక్కును మరచిపోయిన గూడేలు నా పర్యటనలలో తరచుగా కనిపిస్తుంటాయి.

మేత వంతుల ఒప్పందం వేసవిలోనే కుదుర్చుకోవాలి. తొలకరి పడిన తరువాత పిలిచే సభకు కాపరులు రారు. బీడును మూడు ముక్కలు చేసి ఏటా ఒక ముక్కకు విత్తనం రాలే వరకు, అంటే సుమారు కార్తీకం దాకా, విశ్రాంతి ఇవ్వడం తేలికైన పద్ధతి. ఆ ముక్కలో కోసుకుపోయే గడ్డికి రుసుము ఎంత, తప్పు చేసిన వారికి జరిమానా ఎంత, వలస వచ్చే మందలకు దారి ఏది అన్నవి తీర్మానంలోనే ఉండాలి. జరిమానా మొదటిసారి స్వల్పంగా ఉండడం మంచిది. భారీ జరిమానాను ఎవరూ వసూలు చేయరు. జీవాలు లేని ఇంటికి, ముఖ్యంగా ఒంటరి స్త్రీలకు, గడ్డిలోనో, చింతపండు, సీతాఫలం రాబడిలోనో వాటా చూపకపోతే ఆ తీర్మానం ఒక్క వానాకాలం దాటదు.

రుసుము, జరిమానా సొమ్ము సంఘం పేరిట పొదుపు ఖాతాలో జమ చేసి, ఏటా కట్టల మరమ్మతుకు కొంత భాగం వేరుగా ఉంచండి. గొర్రెలకు, పాడికి ఋణం కోరేటప్పుడు గ్రామసభ తీర్మానం నకలును, ఆ ఖాతా పుస్తకం జిరాక్సును దరఖాస్తుకు జత చేయండి. నిబంధనల ప్రకారం అవి తప్పనిసరి పత్రాలు కావు. అయినా క్షేత్ర పరిశీలనకు వచ్చిన అధికారి "ఊరి బీడు కలదు" అన్న మాటను నమ్మడానికి అవి చాలును. యూనిట్ల సంఖ్య నిర్ణయించే ముందు ఆ అధికారితో కలసి బీడు మీద ఒకసారి నడవండి. కొలత టేపు, సర్వే పటం వెంట తెచ్చుకోమని ముందే ఆయనకు చెప్పండి.